ప్రభువు కంట్లో కిటికీ

జర్మనీలోని న్యూరెంబర్గ్ కోట కింద, టియర్‌గార్ట్‌నర్ ద్వారం పక్కనే చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ ఇల్లు. 1509 నుంచి 1528లో పోయేదాకా ఆయన ఉన్నది ఇక్కడే. పక్క ఊరు ఎర్లాంగెన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు "ముందు సాసేజీలు తిందాం అత్తా" అంటున్నా వినకుండా మెట్లెక్కాను.

లోపల అచ్చు వేసి చూపిస్తున్నారు. రాగి రేకుకు సిరా పూసి గుడ్డతో తుడిచేస్తే, గీతల్లో ఇరుక్కున్నదే మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలరు కింద లాగితే బొమ్మ దిగుతుంది, కుడి ఎడమై. అక్షరాలన్నీ రేకు మీద అద్దంలోలా చెక్కాలన్నమాట. మన తామ్రశాసనాలు చెక్కినవాళ్ళకు ఈ తిప్పలు లేవు, చదివేది రేకునే కాబట్టి.

నా ధ్యాసంతా 1524లో డ్యూరర్ చెక్కిన సాక్సనీ ప్రభువు ఫ్రెడరిక్ మీదే. చర్చిని ఎదిరించిన మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ను వార్ట్‌బర్గ్ కోటలో దాచినాయన. అసలు బొమ్మ జానెడు కూడా ఉండదు. బయట అరుగు మీద కూర్చుని ఫోనులో పెద్దది చేసి చూశాం. కిరీటం లేదు. టోపీ, గుబురు గడ్డం, ఉబ్బిన కళ్ళు. హోదా అంతా పైమూలల్లోని రాజచిహ్నాల డాళ్ళలో ఉంది. ఒకదాని మీద అడ్డంగా వేసిన రెండు కత్తులు. పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ఒకడైన ఈయనకు, వేడుకల్లో చక్రవర్తి ముందు కత్తి పట్టే హక్కు కూడా ఉండేది.

"ఈ కత్తులు పింగాణీ ప్లేట్ల వెనక ఉంటాయి కదా!" అన్నాడు మావాడు. నిజమే, సాక్సనీలోని మైసెన్ ఊరి పింగాణీ గుర్తు అక్కణ్ణుంచి వచ్చిందే.

కింద రాతిపలకలా చెక్కిన లాటిన్ రాత. రోమన్ సమాధుల మీది బాణీ అది. దేవుని వాక్యాన్ని భక్తితో ఆదరించాడని భూతకాలంలో ఉంది, మనిషి బతికుండగానే! చివర పొడి అక్షరాలు: బతికున్నవాడు బతికున్నవాడికి చేసింది అని. మరుసటేడే ఫ్రెడరిక్ పోయాడు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది కంటిపాపల్లో మెరిసే కిటికీ. గదిలో కూర్చోబెట్టి గీశాడు, వెలుతురు పడింది అనుకోవచ్చు. కానీ 1526లో చెక్కిన, లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ బొమ్మ చూడండి. వెనక ఆకాశం, కళ్ళల్లో మళ్ళీ కిటికీ! కళ్ళు ఆత్మకు కిటికీలని చెప్పడానికే అలా చెక్కాడని కొందరు, ఉత్త అలవాటని కొందరు. ఆరుబయట కిటికీ ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను మొదటివాళ్ళ వైపే.

తలెత్తి ఆ ఇంటి కిటికీలు లెక్కపెడుతుంటే మావాడు లేచి నిలబడ్డాడు. రొట్టెలో మూడు సాసేజీలు పెట్టిచ్చే కొట్టు ముందు అప్పటికే పెద్ద వరస.