పైపు ముక్కలో పలికే స్వరం

ఇంట్లోనే వాద్యాలు తయారుచేసుకోవాలనుకునేవారికి నేను మొదట సూచించేది పీవీసీ పైపునే. ఒక చివర మూసిన గొట్టంలో పలికే స్వరపు తరంగదైర్ఘ్యం దాని పొడవుకు దాదాపు నాలుగింతలు ఉంటుంది కనుక, 440 హెర్ట్జ్ స్వరానికి లెక్క ప్రకారం సుమారు 19.5 సెంటీమీటర్ల ముక్క కావాలి. తెరిచిన అంచుకు కాస్త వెలుపలి గాలి కూడా కంపిస్తుంది కాబట్టి నిజానికి అంతకన్నా కొంచెం పొట్టి ముక్కే సరిపోతుంది. అయినా ముందు పొడవుగానే కోసి, ఊది వింటూ, ఉప్పుకాగితంతో అంచును అరగదీస్తూ శ్రుతికి తేవడమే మేలు.

నాకు ఇంకా ఇష్టమైనది బజర్లలో ఉండే నాణెమంత పీజో బిళ్ల. ఒత్తిడి పడితే విద్యుత్తును పుట్టించే ఈ బిళ్లకు రెండు తీగలు టంకం వేసి (ఎక్కువసేపు వేడి తగిలితే పాడైపోతుంది), అట్టపెట్టెకు అంటించి, యాంప్లిఫయరుకు కలిపితే, ఆ పెట్టెకు ఆనించిన దువ్వెన పళ్లను మీటిన సన్నని చప్పుడు కూడా గది నిండా మోగుతుంది. ఖరీదైన మైకుల కన్నా ఇదే సరదా అని నా అభిప్రాయం.

1998లో వియన్నాలో మొదలైన కూరగాయల వాద్యబృందం క్యారెట్లను తొలిచి వేణువులుగా ఊదుతుంది. కూరగాయలు త్వరగా వాడిపోతాయి కనుక, వారు ప్రతి కచేరీకీ వాద్యాలను కొత్తగా చెక్కుకుంటారు.