లేక్ వ్యూ ఫ్లాట్ కొనే ముందు అలుగు ఎక్కడుందో చూడండి

మా ఆఫీసులో నెలకోసారైనా ఎవరో ఒకరు ఒక బ్రోషర్ పట్టుకొచ్చి "మీరుండేది కూడా చెరువు పక్కనే కదా, తీసుకోవచ్చంటారా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. మేముండేది హైదరాబాద్‌కి పడమర, పటాన్‌చెరు వెళ్లే దారిలో. చెరువు పేరు మాత్రం చెప్పను, చెప్పానంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రేటు పడిపోయిందని నా మీద పడతారు.

ముందు ఆ బ్రోషర్ సంగతి. అందులో నీళ్లు నీలంగా ఉంటాయి, బాల్కనీలో ఒకమ్మాయి కాఫీ తాగుతుంటుంది. నిజం చెరువు వానాకాలంలో పలచటి టీ రంగులో, ఎండాకాలంలో ఆకుపచ్చగా, మధ్యలో గుర్రపుడెక్క పట్టినప్పుడు అసలు నీళ్లే కనపడకుండా ఉంటుంది. అలాగని బాగుండదని కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే కట్ట మీద నడుస్తుంటే కొంగలు, నీటికాకులు, థర్మోకోల్ తెప్ప మీద వల వేసే మనుషులు, వాటికోసమైనా ఇక్కడ ఉండొచ్చు అనిపిస్తుంది. మా దగ్గర్లోనే ఉన్న అమీన్‌పూర్ పెద్ద చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, పక్షుల ఫొటోల కోసం కెమెరాలేసుకుని ఆదివారాలు జనం వస్తారు. చుట్టూ చూస్తే అపార్ట్‌మెంట్లే.

నేను తెనాలి పక్క పల్లెటూరివాణ్ణి. మాకు పొలానికి నీళ్లంటే కాలవ, చెరువంటే ఊళ్లో మంచినీళ్ల చెరువు. తెలంగాణ చెరువు వేరు, ఇది వ్యవసాయం కోసం కట్టింది. ఒక పక్క కట్ట, కట్టకి తూము, నిండితే పొర్లడానికి అలుగు, ఆ అలుగు నీళ్లు వెళ్లి కింది చెరువులో పడటం, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి. గొలుసుకట్టు అంటారు. సాగు పోయింది, తూములు పూడిపోయాయి, కానీ నీళ్లకి ఆ సంగతి తెలియదు కదా, వాన పడితే పాత దారినే వెతుక్కుంటూ వస్తాయి. 2020 అక్టోబరు వానలకి గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు, బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగినప్పుడు మునిగినవాళ్లలో చాలామందికి తాము ఒక చెరువు కింద ఉంటున్నామని కూడా తెలిసి ఉండదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. బాల్కనీలోంచి చెరువు ఎలా కనిపిస్తుందన్నది తర్వాత, ముందు ఆ చెరువులోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయో, నిండాక ఎటు పోతాయో చూడండి. మీ ఫ్లాటు ఆ రెంటి దారిలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అని అందరూ అంటారు, అదేంటో చాలామందికి తెలియదు. ఈరోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అది కాదు. అలుగు మీద నుంచి నీళ్లు పొర్లడం మొదలయ్యే మట్టం ఉంటుందే, అదే ఎత్తులో చెరువు చుట్టూ గీత గీసుకుంటూ పోతే వచ్చేదే ఎఫ్‌టీఎల్. వరసగా నాలుగేళ్లు వానలు లేకపోతే ఆ గీత లోపల నేల ఎండి, క్రికెట్ ఆడుకునేంత బాగుంటుంది. వెంచర్లు సరిగ్గా అప్పుడే లేస్తాయి. కొన్నిచోట్ల అలుగునే కొట్టి మట్టం తగ్గించేస్తారు, చెరువు దానంతటదే కుంచించుకుపోతుంది.

మా చెరువులో చేపలు పట్టే ఒక పెద్దాయన్ని ఒకసారి ఊరికే అడిగాను, ఇదివరకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవని. "గిప్పుడు గోడ కట్టిన్రు గానీ సార్, చెరువు నిండితే ఆ వేపచెట్టు దాక నీళ్లుంటుండె. మేం ఆడనే వలలు ఆరేస్తుంటిమి" అన్నాడు. ఆ వేపచెట్టు ఇప్పుడు పక్క వెంచర్‌లో, క్లబ్‌హౌస్ పార్కింగ్ మధ్యలో, చుట్టూ టైల్స్ వేసిన అరుగుతో భలే ముచ్చటగా ఉంది. గట్టి వానొస్తే వాళ్ల సెల్లార్‌లో రాత్రంతా మోటార్లు మోగుతూనే ఉంటాయి, మాకు వినపడుతుంది.

ఇక రూల్స్. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల ఏమీ కట్టకూడదు. ఆ గీత దాటాక కూడా పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పున్న వాగుకీ నాలాకీ 9 మీటర్లే. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్లో ఉన్నాయి. అక్కడ ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనల్ అయిందా అన్నది తప్పకుండా చూడండి, ప్రిలిమినరీ అయితే అభ్యంతరాలు విన్నాక గీత జరగొచ్చు. సర్వే నంబరు పట్టుకుని పాత గ్రామ నక్షాతో, అంటే ఊరి సర్వే మ్యాపుతో కూడా సరిచూసుకోవాలి. బ్రోకరు "పట్టా ల్యాండే సార్" అంటాడు, నిజమే అయ్యుండొచ్చు. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో కూడా పట్టాలుంటాయి, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇళ్లు కట్టడానికి కాదు. రిజిస్ట్రేషన్ అయిందనో, బ్యాంకు లోన్ ఇచ్చిందనో ధైర్యం తెచ్చుకోవద్దు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి, ఆగస్టులో మాదాపూర్‌లో తమ్మిడికుంట చెరువు దగ్గర నటుడు నాగార్జున ఫంక్షన్ హాలు ఎన్ కన్వెన్షన్‌ని కూల్చాక మా గ్రూపులో అందరూ ఒక్కసారిగా సర్వేయర్లయిపోయారు. అప్పటికే జనం ఉంటున్న ఇళ్ల జోలికి రామని తర్వాత ప్రకటించారు గానీ, ఆ నెలలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. టెన్షన్ అంటే అలా ఇలా కాదు.

మిగతా కాగితాలు ఎక్కడ కొన్నా ఉండేవే, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ, ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు, కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్). ఒక్కటి మాత్రం చాలామంది వదిలేస్తారు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే ఏరియాలో పది శాతం తాకట్టు పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు అమ్ముతున్న ఫ్లాటు ఆ తాకట్టులో ఉందేమో అడగండి. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, కట్టుబడిలో ఉండగా కొంటే జీఎస్టీ అదనం. ఇవన్నీ అయ్యాక బిల్డరు "లేక్ ఫేసింగ్" అని అడుగుకి ఇంత అని పైన ఇంకొంత అడుగుతాడు. దానికి నేనైతే ఒక్క రూపాయి ఇవ్వను. సాయంత్రం ఆరయ్యేసరికి ఆ చెరువు వైపు తలుపులన్నీ మూసుకోవలసిందే, దోమలు. మెష్ లేకుండా ఒక్క పూట ఉండలేం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి పైనుంచి కాలనీల మురుగు మాత్రమే వస్తుంటే ఆ వాసనకి అన్నం తినబుద్ధి కాదు. చెరువు పక్కనే ఉన్నాం కదా, బోర్లలో నీళ్లుంటాయి అనుకునేరు. నీళ్లుంటాయి, వాసన చూసి బాత్రూములకే వాడతాం.

మా దగ్గర అన్నిటికన్నా పెద్ద గొడవ గేటు గురించి. కాలనీ వెనక గేటు తీస్తే నేరుగా కట్ట మీదికి దారి. ఊళ్లోవాళ్లు ఎప్పటినుంచో ఆ దారిన వచ్చే బతుకమ్మలు నీళ్లలో వదులుతారు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు సెక్యూరిటీ పేరు చెప్పి గేటుకి తాళం వేయించారు. పూలు పేర్చిన తాంబాళాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు బయట నిలబడ్డారు, లోపల మనవాళ్లు గ్రూపులో పోలింగ్ పెట్టుకుంటున్నారు, తీయాలా వద్దా అని! మా ఆవిడ వెళ్లి వాచ్‌మన్‌తో "తాళం తియ్యి బాబూ, ఎవరైనా అడిగితే మేడమ్ తీయించిందని నా పేరు చెప్పు" అంది. తీశాడు. ఆ రాత్రి నాకు గ్రూపులో చాలా నీతులు చెప్పారు. మనం ఈఎంఐ కట్టి వచ్చాం సరే, ఆ చెరువుని ఇన్నాళ్లూ చెరువుగా ఉంచింది వాళ్లు. చేపల సొసైటీ వాళ్లు రోజూ తిరగబట్టే రాత్రిపూట చెరువు పూడ్చడానికి మట్టి టిప్పర్లు వస్తే తెలుస్తోంది కూడా. ఇప్పుడు ఆ రోజుకి గేటు తెరిచే ఉంచుతున్నారు, మనవాళ్లే సెల్ఫీలు దిగుతున్నారు.

కొనాలనే గట్టిగా ఉంటే ఒక వానాకాలం ఆగి, పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి. బిల్డరు చూపించే మోడల్ ఫ్లాటుకి కాదు, సెల్లార్‌కి వెళ్లండి, గోడ మీద తడి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి. అంత ఆగలేకపోతే ఆ కాలనీలో కింది అంతస్తులో అద్దెకుండేవాళ్లని అడగండి. ఓనర్లని అడిగి లాభం లేదు, మాకెవరికీ రేటు పడిపోవడం ఇష్టం ఉండదు.