హిందోళంలో పంచమం మోగిన సాయంత్రం

నిన్న రాత్రి రెండింటికి గానీ పని తెమల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మ్యాక్స్ అని, బొమ్మల్ని తీగలతో కలిపి సంగీతం ప్రోగ్రాములు కట్టుకునే సాఫ్ట్‌వేర్. అందులో నేను కట్టుకున్న తంబూరా ప్యాచ్ (ప్రోగ్రామ్) ఒకటుంది. శ్రుతి, మీటే వేగం, మొదటి తీగ పంచమమా (ప) మధ్యమమా (మ), అన్నీ డయళ్లే. వాటికి పేర్లు పెట్టి, వాటిని కనిపెట్టే ఆటోప్యాటర్ తగిలించి, దాచిపెట్టే ప్యాటర్‌స్టోరేజ్‌కి స్టోర్ అని ఒక నంబరు పంపితే, అప్పటి డయళ్ల అమరిక ఆ నంబరు గదిలో (స్లాట్‌లో) ప్రీసెట్‌గా భద్రమవుతుంది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

మూడేళ్లలో 31 ప్రీసెట్లు పోగయ్యాయి. మధ్యలో చెరిపేసినవి పోగా నంబర్లు మాత్రం 48 దాకా పాకాయి. "రీనంబర్ కొట్టరా, వరసగా సర్దేస్తుంది" అన్నాడు ఒక మిత్రుడు. జన్మలో వేదిక ఎక్కనివాడి సలహా అది. కొట్టాను. ఖాళీలన్నీ పోయి 1 నుంచి 31 దాకా చక్కగా వచ్చాయి. మురిసిపోయి పాత ఫైల్ మీదే సేవ్ చేశాను.

సాయంత్రం రిహార్సల్. పాడే అక్కది ఐదున్నర శ్రుతి. హిందోళం రాగం అనగానే అలవాటు ప్రకారం నా బటన్ నొక్కాను. అక్క ఆలాపన ఎత్తుకుని, ఆపింది. మళ్లీ ఎత్తుకుని, మళ్లీ ఆపింది. శ్రుతి సరిగ్గానే ఉంది కాబట్టి నాకేం తట్టలేదు. కేబుల్ పీకి పెట్టాను, స్పీకర్ మార్చాను, హాలు కరెంటును తిట్టాను. ఇరవై నిమిషాలు.

చివరికి అక్కే అంది: "ఏం నాయనా, హిందోళానికి పంచమం ఎప్పుడు కలిపావు?"

మృదంగం ఆయన నవ్వు ఆపుకోవడానికి వాద్యం మీదకి వంగిపోయారు. నేను నాలుగేళ్లు వీణ నేర్చుకున్నవాణ్ని. హిందోళంలో పంచమం లేదని, మధ్యమ శ్రుతి పెట్టాలని పదేళ్ల పిల్లకు కూడా నేనే చెప్పాను. చెవులు మూసుకుపోయాయా అంటే, అవును, స్క్రీన్ చూస్తూ వినడం మానేశాను.

సంగతేంటంటే, రీనంబర్ స్లాట్లను మాత్రమే జరుపుతుంది. ప్యాచ్‌లో నేను మెసేజ్ బాక్సుల్లో రాసుకున్న నంబర్లను అది ముట్టుకోదు. హిందోళం 17లోంచి 11కి పోయింది. నా బటన్ ఇంకా 17నే పిలుస్తోంది. ఆ ఇంట్లోకి అదే శ్రుతిలో పంచమం ఉన్న ప్రీసెట్ దిగింది. పైగా ఏ స్లాట్‌కీ పేరు పెట్టలేదు, కాబట్టి ప్రీసెట్ల జాబితా విండో తెరిచినా అంకెలే కనిపించాయి.

రాత్రంతా కూర్చుని ఒక్కో ప్రీసెట్ విని, స్లాట్‌నేమ్‌తో పేర్లు పెట్టాను. పంచమ శ్రుతులు 101 నుంచి, మధ్యమ శ్రుతులు 201 నుంచి. మధ్యలో ఖాళీలుంటే ఉండనీ, ఎవడికి నష్టం? బటన్లు ఇప్పుడు నేరుగా నంబరు పిలవవు. రాగం పేరు ఒక coll (పేరు ఇస్తే నంబరు చెప్పే జాబితా) దగ్గరికి వెళ్తుంది, నంబరు అదే ఇస్తుంది. మారిస్తే ఒక్కచోట మారిస్తే చాలు. ప్రీసెట్లన్నీ ఉండే జేసన్ ఫైల్‌ని తేదీ వేసి వేరుగా దాచాను. ఇంకోమాట, డయల్ పేరు మాత్రం తర్వాత మార్చకండి. పాత ప్రీసెట్లు దాన్ని గుర్తుపట్టవు. అది నాకు పోయినేడు తగిలిన దెబ్బ, ఆ కథ వద్దు.

ఇవాళ పొద్దున అక్క ఫోన్ చేసింది. "ఆదివారం వచ్చేటప్పుడు పంచమాన్ని ఇంట్లోనే కట్టేసి రా."