మా ఇంటి చెక్-ఇన్ కౌంటర్

మా చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కినా ముందురోజు రాత్రి నా వాట్సాప్‌కి ఒక పీఎన్‌ఆర్, అంటే టికెట్ బుకింగ్ నంబరు, వస్తుంది. పలకరింపూ అదీ ఏమీ ఉండదు. పీఎన్‌ఆర్, దాని కింద "కిటికీ పక్కన చూడు", అంతే. నిన్న రాత్రి మా వైజాగ్ ఎంవీపీ కాలనీ బాబాయ్‌ది వచ్చింది. మనవడి అన్నప్రాశనకి బాబాయ్, పిన్ని హైదరాబాద్ వెళ్తున్నారు.

వెబ్ చెక్-ఇన్, అంటే ఆన్‌లైన్‌లో ముందే సీటు, బోర్డింగ్ పాస్ తీసుకోవడం, అయిదు నిమిషాల పనే గానీ అందులో సగం పైగా సీట్ల దగ్గరే పోతుంది. ముందు వరసలకి డబ్బులు, కిటికీకి డబ్బులు, కాళ్ళు చాపుకునే చోటైతే ఇంకా ఎక్కువ. ఊరికే ఇచ్చేవి ఎక్కడో వెనక మధ్య సీట్లు, అవీ ఇద్దరికీ చెరో చోట. సీటు ఎంచుకోకుండా ముందుకెళ్ళే దారీ ఉంటుంది, కాకపోతే అది కంటికి ఆనకుండా ఓ మూలన పెడతారు, కావాలనే అని నా అనుమానం. డబ్బు కట్టేసి పక్కపక్క సీట్లు తీసుకున్నాను. పిన్నికి మాత్రం చెప్పలేదు, చెబితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్దాం పద అంటుంది.

తర్వాత బొమ్మల పేజీ వస్తుంది కదా, ఇవి తీసుకెళ్ళకూడదు అని. మనమెవరం చదవం, టిక్కు పెట్టేస్తాం. మా బాబాయ్ సంగతి తెలుసు కాబట్టి ఫోన్ చేసి అడిగాను. అనుకున్నట్టే పవర్ బ్యాంక్ పెద్ద పెట్టెలో అడుగున ఉంది, ఆవకాయ డబ్బా చేతిసంచిలో ఉంది. సరిగ్గా తిరగేసి ఉండాలి రెండూ. లిథియం బ్యాటరీ కింద సామాన్లలో అంటుకుంటే ఆర్పే దిక్కుండదు, అందుకే పవర్ బ్యాంక్ మనతోపాటు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, కాబట్టి అది కిందకి. మాడుగుల హల్వా ఎక్కడున్నా పర్వాలేదు. పదిహేను కిలోలు దాటుతుందేమోనని పిన్ని చీరలు తీసేస్తూ ఉంది గానీ హల్వా జోలికి పోలేదు.

పొద్దున ఎన్ఏడీ ఫ్లైఓవర్ దిగి ఎయిర్‌పోర్ట్ చేరేసరికి విమానానికి ఇంకా మూడు గంటలుంది. అది బాబాయ్ లెక్క. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసిన మనిషి, ముందే వెళ్ళి కూర్చోవడం అలవాటు. టికెట్ లేనివాళ్ళని లోపలికి వదలరు కాబట్టి అద్దాల బయట నేను, లోపల వాళ్ళు, మధ్యలో ఫోన్.

బాబాయ్‌కి ఫోన్‌లో డిజియాత్ర యాప్ ముందే పెట్టిచ్చాను. మన వైజాగ్‌లో అది 2024 సెప్టెంబరులో మొదలైంది, మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు కేంద్ర విమానయాన మంత్రిగా ఇక్కడి నుంచే మొత్తం 9 ఎయిర్‌పోర్టుల్లో ప్రారంభించారు. ఆధార్‌తో మొహం నమోదు చేసుకుని, బోర్డింగ్ పాస్ అందులోకి ఎక్కిస్తే గేటు దగ్గర కెమెరా చూసి తలుపు తీస్తుంది. విమానం వెళ్ళిన 24 గంటల్లో ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న ఆ వివరాలు చెరిపేస్తామంటారు. బాబాయ్ దర్జాగా ఆ గేటుకి వెళ్ళి కెమెరా ముందు ఫొటో దిగుతున్నట్టు బిగుసుకుని నిలబడ్డాడు. ఈలోగా పిన్ని మామూలు లైన్లో ఆధార్ కార్డు చూపించి ఆయనకంటే ముందే లోపలికి వెళ్ళిపోయింది. ఇది ఆవిడ ఇంకో ఏడాది చెప్పుకుంటుంది.

అసలు కథ కియోస్క్ దగ్గర, అదే మనమే నొక్కుకునే చెక్-ఇన్ మెషిన్. బ్యాగ్ ట్యాగులు అక్కడే తీసుకోవాలట. "ఒరేయ్, ఇక్కడో గుంట ఉందిరా, అన్నీ ఆ పిల్లే నొక్కేస్తోంది, మరి మనమెందుకు?" అన్నాడు. నిజమే, పేరుకి సెల్ఫ్ చెక్-ఇన్, పక్కన యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చినవాళ్ళందరికీ పీఎన్‌ఆర్ కొట్టిపెడుతూ ఉంటుంది. పొడుగ్గా ట్యాగు బయటికి వచ్చింది. హ్యాండిల్ కిందనుంచి తిప్పు బాబాయ్, వెనక కాగితం ఊడదీసి రెండు కొసలూ ఒకదానికొకటి అంటించు, బార్‌కోడ్ ముడత పడనివ్వకు, ఆ చిన్న ముక్క పారేయకు, పెట్టె రాకపోతే దాంతోనే వెతుకుతారు, అని నేను చెబుతూ ఉంటే ఆయన ఒక కొస తన చొక్కా చేతికి అంటించుకున్నాడని వెనకనుంచి పిన్ని నవ్వు వినబడింది.

ఇంతా చేసి పెట్టెలు ఇవ్వడానికి మళ్ళీ లైనే. లైను ఎక్కడికీ పోలేదు, నాలుగడుగులు పక్కకి జరిగిందంతే. ఆఫీసు పని మీద ఒక్క బ్యాక్‌ప్యాక్ వేసుకుని వెళ్ళే నాలాంటివాడికి ఇది నిజంగా హాయి, ఫోన్‌లో బార్‌కోడ్ చూపించి నేరుగా సెక్యూరిటీకి పోవడమే, పాత రోజులు నాకు అస్సలు వద్దు. పెట్టెలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబానికి మాత్రం కౌంటర్‌లో ఒక మనిషి చేసే పని ఇంటికొచ్చి ఎవరో ఒక కుర్రాడి నెత్తిన పడింది. మా ఇంట్లో నేను, మీ ఇంట్లోనూ ఒకరుంటారు. జీతం లేదు, సీటు బాగోకపోతే తిట్లు మాత్రం వస్తాయి.

బాబాయ్‌కి ఫోన్‌లో పాస్ ఉన్నా కాగితం కావాల్సిందే. ఎర్ర కార్బన్ కాగితాల పాత టికెట్ ఒకటి ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాడు. ఆ టికెట్లని 2008 జూన్ నుంచి అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఆపేసిందంటే, అందుకే దాచానన్నాడు. కౌంటర్‌లో పాస్ అడిగితే డబ్బులు తీసుకుంటారేమోనని భయం. అలా తీసుకోకూడదని కేంద్రం 2022లోనే చెప్పిందని చెప్పాక, కియోస్క్‌లో వచ్చిన కాగితం చేతిలో ఉండగానే కౌంటర్‌కి వెళ్ళి ఇంకోటి అడిగాడు. ఇచ్చారు కూడా.

మధ్యాహ్నం హైదరాబాద్‌లో దిగి ఫోన్ చేశారు. పెట్టెలు వచ్చాయి, ఆవకాయ కారలేదు. తిరుగు ప్రయాణానికి చెక్-ఇన్ 48 గంటల ముందు తెరుస్తారు, ఈసారి నేనే చేసుకుంటానురా అన్నాడు బాబాయ్. "ఏం అక్కర్లేదు, వాడే చేస్తాడు, కిటికీ నాకు" అని పిన్ని ఫోన్ లాక్కుంది.