పై పోర్షన్ వ్యవహారం

బాలాజీనగర్ ఇంట్లో పై పోర్షనాయన ఉగాది నుంచి బాడుగ కట్టడంలా. అడిగితే "వచ్చే నెల కలిపి ఇస్తాలే అన్నా" అంటాడు. పెద్దమనుషుల్ని పెట్టి చెప్పించినా అదే మాట.

మా బావ సలహా ఏందంటే, ఫ్యూజు పీకి, మోటారు ఆపి, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చెయ్యమని. లాయరు విని తల పట్టుకున్నాడు. చట్టప్రకారం కాకుండా బయటికి నెడితే, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికొస్తారంట. ఇల్లు నాదేనన్న మాట ఆ కేసులో చెల్లదు!

మా 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది. అందుకని నెలవారీ అద్దె లెక్కలో, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు పంపించాం. పోస్ట్‌మ్యాన్ దగ్గర సంతకం పెడతా, పై నుంచే నన్ను చూసి "ఏందన్నా, పెళ్లి పత్రికా?" అన్నాడు మహానుభావుడు.

ఖాళీ చేయకపోతే దావానే. ఇంకో మెలిక, గడువు దాటాక వచ్చే నెలల బాడుగ మామూలుగా పుచ్చుకుంటే నోటీసు వదులుకున్నట్టు వాదించొచ్చంట, అదే ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్. ఇకమీదట ఖాతాలో డబ్బు పడినా ముందు లాయరుకి ఫోన్ చెయ్యాలి.