జాన్ వుడెన్ ఫైలు: ఎంతవరకు వచ్చిందంటే

అమెరికాలోని యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేసిన జాన్ వుడెన్ గురించి ఖాళీ దొరికినప్పుడల్లా నెట్‌లో వెతికి ఒక స్ప్రెడ్‌షీట్ నింపుతున్నాను. పన్నెండేళ్లలో పది ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్లు, అందులో 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడు. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసింది ఆయన రోజూ జిమ్‌లో ఏం చేసేవారన్నది.

పేరు కొట్టగానే వచ్చిపడేవి సూక్తులు. ఎప్పుడన్నారో, ఎవరితో అన్నారో ఉండదు. అందుకే తేదీ ఫిల్టర్‌ను 1975 దగ్గర ఆపేశాను. ఆ ఏడాది పదో టైటిల్ గెలిచి రిటైరయ్యారు, తర్వాత వచ్చినవాటిలో పొగడ్తలే ఎక్కువ. షీటులో ప్రతి మాట పక్కన ‘ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు’ అని రెండు గడులు పెట్టాను. అవి నిండని మాటలు వేరే షీటుకి పోతాయి. ఆ షీటు తెగ పెరిగిపోతోంది!

పాత పత్రికల్లో వెతికేటప్పుడు అప్పటి పేర్లే కొట్టాలి. వుడెన్ దగ్గర ఆడిన కరీం అబ్దుల్ జబ్బార్ పేరు కొడితే 1967 నాటి మ్యాచ్ రిపోర్టు రాదు, అప్పటికి ఆయన ల్యూ ఆల్సిండర్. 1963-64 సీజన్ పట్టికల్లో 1964 కింద ఉంటుంది. గెలుపోటముల లెక్క కూడా రెండు రకాలుగా కనిపిస్తుంది. 620-147 యూసీఎల్ఏది మాత్రమే. 664-162లో అంతకుముందు ఇండియానా స్టేట్ కాలేజీలో కోచ్‌గా చేసిన రెండు సీజన్లూ కలిసి ఉన్నాయి.

ఆ రెండు సీజన్ల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1947లో ఎన్‌ఏఐబీ అనే మరో కాలేజీ బాస్కెట్‌బాల్ సంఘం టోర్నమెంటుకి పిలుపొస్తే వుడెన్ వద్దన్నారు. జట్టులోని నల్లజాతి ఆటగాడు క్లారెన్స్ వాకర్‌ను అక్కడ ఆడనివ్వరన్న కారణంతో. మరుసటి ఏడు నిబంధన మారింది, వాకర్ ఆడాడు, జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఎన్‌ఏఐబీ తర్వాత ఎన్‌ఏఐఏగా మారింది కాబట్టి పాత పేరుతో వెతికితేనే ఆ కాలపు వార్తలు తగులుతాయి.

1948లో యూసీఎల్ఏకి వచ్చారు. మొదటి టైటిల్ 1964లో. మధ్యలో ఒక్క టైటిలూ లేని పదిహేను సీజన్లు. సూక్తుల పేజీల్లో ఈ సీజన్ల ఊసే ఉండదు. 1964 జట్టులో మొదటి అయిదుగురిలో ఎవరూ ఆరడుగుల అయిదు అంగుళాలు దాటలేదు. అసిస్టెంటు జెర్రీ నార్మన్ పట్టుబట్టి తెచ్చిన జోన్ ప్రెస్ అనే పద్ధతితో ప్రత్యర్థులకు కోర్టంతా అడ్డుపడి, ఆ సీజన్లో ఆడిన ముప్పై మ్యాచ్‌లూ గెలిచారు. ఈ ఘనతలో నార్మన్ వాటా ఎంతో ఇంకా తేల్చుకోవాలి.

ఇప్పటిదాకా దొరికినవాటిలో మేలైనది ఒక అధ్యయనం. 1974-75 సీజన్లో రోనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రాక్టీసులకు వెళ్లి కూర్చుని, వుడెన్ ఆటగాళ్లతో అన్నవీ చేసి చూపినవీ 2,326 నమోదు చేశారు. అందులో సగం ఫలానాది ఇలా చెయ్యమని సూటిగా చెప్పినవే. మెచ్చుకోలు ఏడు శాతం లోపు, ఉత్త తిట్లూ దాదాపు అంతే. తప్పు చేసినవాడికి ముందు సరైన పద్ధతి చూపేవారు, తర్వాత వాడు చేసినట్టు చేసి చూపేవారు, మళ్లీ సరైనది. మొత్తం కొన్ని సెకన్లలో అయిపోయేది. ఉపన్యాసాలేమీ లేవు. రోజూ అసిస్టెంట్లతో కూర్చుని ప్రాక్టీసును నిమిషాలవారీగా చిన్న కార్డు మీద రాసుకునేవారు. సీజను మొదట్లో సాక్సు మడత లేకుండా ఎలా తొడుక్కోవాలో నేర్పేవారన్నది కూడా నిజమే. పాదం బొబ్బలెక్కితే ప్రాక్టీసు పోతుంది కదా. 1934లో మొదలుపెట్టి 1948లో ముగించిన ఆయన ‘విజయ పిరమిడ్’లో, అంటే గెలవడానికి కావలసిన గుణాలను పేర్చిన బొమ్మలో, పదిహేను రాళ్లున్నాయి. నా ఓటు మాత్రం ఆ కార్డులకే.

శామ్ గిల్బర్ట్‌కి వేరే గడి పెట్టక తప్పలేదు. ఈ సంపన్న అభిమాని ఆటగాళ్లకు చేసిన సాయాలు నిబంధనలకు విరుద్ధం. ఎన్‌సీఏఏ యూసీఎల్ఏని శిక్షించింది 1981లో, అంటే వుడెన్ వెళ్లిపోయాక. ఆయనకెంత తెలుసన్న దాని మీద ఎవరేమన్నారో తేదీలతో ఎక్కిస్తున్నాను.

తర్వాతి పని 1974 జనవరి 19 మ్యాచ్. 88 వరస గెలుపుల తర్వాత నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం జట్టు చేతిలో 71-70తో ఓటమి. చివర్లో 11 పాయింట్ల ఆధిక్యం ఉండి, వరసగా 12 ఇచ్చుకున్నారు. టైమవుట్లంటే ఆయనకు పడదు, నేర్పాల్సింది ప్రాక్టీసులోనే నేర్పేయాలన్నది ఆయన లెక్క. ఆ నిమిషాల్లో బెంచి మీద ఏం జరిగిందో మర్నాటి పేపర్లలో వెతకాలి.