పులాస్కీలో మూడు శనివారాలు, ఒకే ఒక్క చేప

అక్టోబరు 19

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పులాస్కీకి కారులో దాదాపు ఐదు గంటలు. న్యూయార్క్ రాష్ట్రంలో, సాల్మన్ రివర్ ఒంటారియో సరస్సులో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న చిన్న ఊరది. పేరు వినగానే మా ఆవిడ, "పులసల కోసమేనా ఇంత దూరం?" అంది. పోలిక మరీ తప్పేం కాదు. వరదనీటికి గోదావరి ఎక్కే పులసల్లాగే ఇక్కడ చినూక్, కోహో సాల్మన్లు గుడ్లు పెట్టడానికి సరస్సు వదిలి ఏరెక్కుతాయి. కాకపోతే పులస మళ్లీ సముద్రానికి పోగలదు, వీటికి ఆ ప్రయాణమే ఆఖరు. పసిఫిక్ తీరపు జాతులివి. 1960ల చివర్లో తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఎగువన ఆల్ట్‌మార్‌లో వాటి హేచరీ, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం, ఉంది.

నేను వెళ్లేసరికి పెద్ద గుంపులు దాటిపోయాయి. ఒడ్డంతా చచ్చిన చేపల కంపు. నీళ్లలో మిగిలినవి నల్లబడి, తోకలు అరిగిపోయి ఉన్నాయి. అలాంటివి పులుసుకు పనికిరావు, కండ మెత్తబడి పాలిపోతుంది.

పది గంటలకు ఒకటి తగిలింది. పావుగంట లాగాక చూస్తే గాలం తోక దగ్గర గుచ్చుకుని ఉంది! నోట్లో పడని చేపను వదిలేయాలన్నది ఇక్కడి చట్టం. వదిలేశాను. పక్కన నిలబడ్డ పెద్దాయన నా దారం చూసి, బరువు కోసం కట్టిన సీసపు గుండుకూ గాలానికీ మధ్య అంత పొడవెందుకన్నాడు. పొడవాటి దారం గుంపు మధ్య అడ్డంగా కొట్టుకుపోతూ ఏ రెక్కకో, వీపుకో తగులుకుంటుందట. దాన్ని రెండడుగులకు తగ్గించాను. ఆ తర్వాత ఏమీ పడలేదు గానీ మనసు కుదుటపడింది.

నవంబరు 2

ఇప్పుడు సాల్మన్ల కోసం కాదు, వాటి వెనకాల వచ్చినవాటి కోసం. సాల్మన్ గుడ్లు కొట్టుకొస్తుంటే మింగడానికి స్టీల్‌హెడ్ (సరస్సులో పెరిగి ఏరెక్కే రెయిన్‌బో ట్రౌట్), బ్రౌన్ ట్రౌట్ చేపలు సరస్సు నుంచి పైకి వస్తాయి. కాబట్టి ఎర కూడా గుడ్లే. చిటికెడు చేప జనను సన్నటి వలగుడ్డలో బఠానీ గింజంత మూటగా కట్టి 8వ నంబరు గాలానికి తగిలించాను. దారం పది పౌన్ల లాగుడు తట్టుకునేది.

పైన డ్యామ్ నుంచి ఎంత నీళ్లు వదులుతున్నారో ముందే చూసుకోవాలి. ఏటా ఈ కాలంలో మామూలుగా సెకనుకు 335 ఘనపుటడుగులు. ఆ రోజు 750. నడుం లోతులో కాలు నిలవలేదు. అడుగున మేకులున్న బూట్లు, చేతికర్ర, వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరని ప్యాంటు) మీద బెల్టు లేకుండా దిగొద్దు. బెల్టు లేక జారిపడితే వేడర్స్‌లోకి నీళ్లు దూరతాయి, ఇక లేవడం కష్టం.

రంగు మార్చాను, మూట సైజు మార్చాను, ఒక్కటీ ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక బుర్ర వెలిగింది. నా ఎర అడుగుకు చేరడమే లేదు, మధ్య నీళ్లలో పరుగెత్తి పోతోంది. చలికి చేప అడుగునే పడుకుంటుంది, పైకి లేచి వచ్చి తినదు. సీసపు గుండ్లు ఒక్కొక్కటే పెంచుతూ పోయాను. నాలుగో గుండుకు రాళ్ల మీద టక్, టక్ అని చేతికి తెలిసింది. మరీ ఎక్కువైతే రాళ్ల మధ్య ఇరుక్కుపోతుంది. ఆ రోజు అలా ఏడు గాలాలు పోయాయి.

నవంబరు 16

నీళ్లు తగ్గాయి. పొద్దున్నే రాడ్డు రింగుల్లో మంచు గడ్డ కడుతుంటే వేళ్లతో చిదుపుతూ విసిరాను. ఈసారి అదే ఏటి మీద పైన్‌విల్ అనే చోట, ఉధృతంగా వచ్చే నీళ్లు నెమ్మదించే అంచున నిలబడ్డాను. ప్రతి గుంతకూ గుండ్లు తీశాను, పెట్టాను. ఎర కంటే ఎక్కువ సమయం వాటికే పోయింది.

పదకొండున్నరకు టక్, టక్ ఆగిపోయింది. రాయేమో అనుకుని ఎత్తితే రాయి కదిలింది! వెండిలా మెరుస్తూ రెండుసార్లు గాల్లోకి ఎగిరింది స్టీల్‌హెడ్. ఒడ్డు వెంబడి యాభై గజాలు దాని వెనకాలే పరుగెత్తాను. వల మా అబ్బాయి పట్టాడు, వాడికీ చేతులు వణికాయి. గాలం సరిగ్గా పైదవడ మూలన ఉంది. ఫోటో తీసి, నీళ్లలోనే పట్టుకుని, మొప్పలు బాగా ఆడే దాకా ఆగి వదిలాం.

ఇంటికొచ్చేసరికి రాత్రి పది. "ఏదీ పులస?" అంది మా ఆవిడ. ఫోన్ చూపించాను. చారులోకి ఆమ్లెట్ వేసింది.